పసుపు అంటని సముద్రం

మా ఆయనది ఆర్మూర్‌ల పసుపు వ్యాపారం, మనసు మాత్రం సముద్రం మీద. హాల్‌ల ఒక గోడ పొడుగంత అద్దాల తొట్టి కట్టించిండు. ఇంటికి వచ్చినోళ్లు యాడ కూసోవాలె అని నేను మస్తు లొల్లి పెట్టిన.

ఉప్పునీళ్లు నింపి కొన్ని వారాలు ఆగినంక, హైదరాబాద్ నుంచి బతికున్న పగడాలు వచ్చినయి. చేతులకు జర ఏమన్న అంటుకొని ఉన్నా అవి చస్తయని అమ్మినాయన ఫోన్‌ల గట్టిగ చెప్పిండు. మా ఆయన చేతులు కడిగిండు, రుద్దిండు, మళ్ల కడిగిండు. వంటింటి పసుపు కడిగితే పోతది గాని మార్కెట్ పసుపు గోళ్ల సందులల్ల కాపురం పెడతది. ఆఖరికి నా మొహం చూసిండు.

"జరుగు" అన్న. స్టూల్ ఎక్కి, చేతులు భుజాల దాక నీళ్లల్ల ముంచి, ఒక్కొక్క పగడాన్ని రాళ్ల మీద నిలబెట్టిన. ఆయన అద్దం బయట నుంచి "ఎడమకు, ఇంకొంచెం కిందికి" అంటనే ఉన్నడు. నేను నాకు నచ్చిన కాడనే పెట్టిన.

తెల్లారేసరికి ముడుచుకున్న పగడాలన్నీ పువ్వుల లెక్క విచ్చుకున్నయి. ఆలూర్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ చూసి, "అన్నా, ఏం పెట్టినవ్!" అన్నది. ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది.

"ఏ చేతులతోని పెట్టినవో మీ చెల్లెకు చూపియ్యి" అన్న.

పసుపు చేతులు రెండూ వీపు వెనక్కి పోయినయి.