ముందుమాట మామయ్య

మా మామయ్య ఏదైనా బాగుందని చెప్పాలంటే, ముందు దానివల్ల తనకేం ఒరిగిందో చెప్పి తీరాలి. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. బీపీ లేదు, షుగరు లేదు, ఇది ఉంది. "బావుంది" అనే మూడక్షరాలు ఆయన నోటివెంట రావాలంటే మొదట గొంతు సవరించుకుంటాడు, తర్వాత చూపుడువేలు పైకెత్తుతాడు, ఆ తర్వాత "ముందుగా ఒక మాట" అంటాడు. ఆ ఒక్క మాట పది నిమిషాలకు తక్కువ ఉండదు. ఆయన అసలు పేరు వీధిలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పిల్లలకీ పెద్దలకీ ఆయన ముందుమాట మామయ్యే.

భోజనాల దగ్గర అత్తయ్య పొరపాటున "కూర ఎలా ఉందండీ?" అని అడిగిందంటే ఇక అంతే.

"ముందుగా ఒక మాట. ఈ కూర వండినావిడ నా భార్య. ఈ ఇంట్లో తప్ప నాకు ఇంకెక్కడా అన్నం పెట్టరు. పైగా నిన్న సాయంత్రం నా కళ్ళజోడు వెతికిపెట్టింది. ఈ మూడూ మనసులో పెట్టుకుని వినండి..."

"విన్నా వినకపోయినా ఒకటే. కూర చల్లారిపోయింది" అనేది అత్తయ్య. ముప్పై ఏళ్ళ కాపురంలో తాను వేడివేడిగా ఒక్క మెచ్చుకోలూ తినలేదని ఆవిడ బాధ.

ఒకసారి మా వీధి లైబ్రేరియన్‌గారు రిటైరవుతుంటే సభ పెట్టారు. నలుగురూ ఆయన్ని ఆకాశానికెత్తేశారు. మామయ్య వంతు వచ్చింది. "ముందుగా ఒక మాట. పదకొండేళ్ళ క్రితం వానలో ఈయన నాకో గొడుగు ఇచ్చారు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇప్పుడు నేను ఈయన గురించి నాలుగు మంచిమాటలు చెబితే, అవి నావో ఆ గొడుగువో మీరే తేల్చుకోవాలి" అన్నాడు. లైబ్రేరియన్‌గారు మెళ్ళో దండతో సహా లేచి నిలబడి, "ఆ గొడుగు నీ దగ్గరుందా! దానికోసం పదకొండేళ్ళుగా మా బావమరిదితో మాటల్లేవయ్యా!" అన్నాడు. సభ అక్కడితో ముగిసింది.

ఇంకోసారి పక్కింటాయన బుగ్గ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, మంచి పళ్ళ డాక్టరెవరో చెప్పమని. "ముందుగా ఒక మాట. ఆ డాక్టరుగారి ఫ్యాను రెండుసార్లు నేనే బాగుచేశాను. నా పన్ను పీకినప్పుడు నేను ఏడిస్తే, బయట ఎవరికీ చెప్పలేదు. అంచేత ఆయనంటే నాకు కాస్త మెతకే..." అంటూ మొదలుపెట్టాడు. ముందుమాట పూర్తయ్యేసరికి పక్కింటాయన పన్ను దానంతటదే ఊడి చేతిలో పడిందని అత్తయ్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

ఇంత చాదస్తపు మనిషి దగ్గరికి ఎవరు వస్తారనుకుంటారు కదా? చిత్రమేమిటంటే అందరూ వచ్చేవారు. మామయ్యకు వీధి చివర చిన్న రిపేరు షాపు ఉంది. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, హీటర్లు పొట్టలు విప్పుకుని బల్లల మీద పడుంటాయి. జామ్ సీసాల నిండా స్క్రూలు. ఏ ఇంట్లోకి ఏ వస్తువు కొనాలన్నా ముందు అక్కడికొచ్చి, స్టూలు లాక్కుని, ముందుమాట మొత్తం ఓపిగ్గా విని, ఆపైన ఆయన ఏది కొనమంటే అది కొనుక్కునేవారు.

నేను ఉద్యోగం వెతుక్కుంటూ మామయ్య ఇంట్లో దిగినప్పుడు నా దగ్గర ఉన్నవి రెండే. ఒక సూట్‌కేసు, ఒక ఫోను. ఉద్యోగం దొరకలేదు గానీ ఫోను పనికొచ్చింది. వంటింటి సామాన్ల మీద వీడియోలు చేయడం మొదలుపెట్టాను. అత్తయ్య వంటగదిలో కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది, నాకు నోరు బాగుంటుంది. ఏడాది తిరిగేసరికి నలభైవేలమంది నన్ను ఫాలో అవుతున్నారు. కంపెనీలు ఇంటికి పార్సిళ్ళు పంపడం మొదలుపెట్టాయి. ప్రతి పార్సిల్లోనూ ఒక ఉత్తరం: "ఉచితంగా పంపామని చెప్పనక్కర్లేదు. మీరే కొనుక్కున్నట్టుగా, మనసు లోతుల్లోంచి వచ్చినట్టుగా మాట్లాడండి. మనసులోని మాటలు కింద ఇచ్చాం."

అవి నేను బట్టీపట్టి అప్పజెప్పేదాన్ని.

"హాయ్ ఫ్రెండ్స్! ఈ టోస్టర్‌ని నేను నెలరోజులుగా..."

"ముందుగా ఒక మాట!"

మంచినీళ్ళ కోసం వచ్చిన మామయ్య గ్లాసుతో సహా ఫ్రేములో నిలబడి ఉన్నాడు.

"ఈ టోస్టరు ఇవాళ పదకొండింటికి వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నవాణ్ణి నేనే. ఊరికే పంపారు. ఊ, ఇక నువ్వు కానీ అమ్మడూ."

"ఇంకేం కానివ్వను మామయ్యా! నువ్వే అంతా కానిచ్చేశావుగా!"

నాకు కోపం ఎందుకొచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. సాయం చేశాననే అనుకున్నాడు. ఆ రోజు ఆరుసార్లు తీశాను, ఆరుసార్లు ఆయనకు దాహమేసింది. అత్తయ్య సలహా మీద తలుపు గొళ్ళెం పెట్టుకుంటే, బ్లెండర్ వీడియో సగంలో కిటికీలోంచి తలకాయ లోపలికొచ్చింది. "అమ్మడూ, ఇది కూడా ఊరికే వచ్చిందని చెప్పావా? మర్చిపోతావేమోనని..."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అందరూ ఇలాగే చేస్తున్నారు మామయ్యా. ఊరికే వచ్చిందని చెబితే ఎవరు నమ్ముతారు?"

"చెబితేనే నమ్ముతారే పిచ్చిమొద్దూ. నేను ఫ్యాన్లు బాగుచేసేవాణ్ణి. నువ్వు కొన్నది పాడైతే లాభం నాకే అని ముందే చెప్పేస్తాను. అయినా నన్నే అడుగుతున్నారుగా."

"మీ వీధిలో వాళ్ళకి పనీపాటా లేదు, వింటారు. నాకు నిమిషమే టైముంటుంది."

"నిమిషంలో ఒక నిజం పట్టదా?" అని గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ కోపం టోస్టరు మీద చూపించాను.

అప్పుడొచ్చింది నీలం రంగు కెటిల్. ఎంత అందంగా ఉందంటే, దాన్ని చూశాక మా వంటింట్లో మిగతా సామానంతా బిక్కమొహం వేసింది. అదృష్టం, ఆ రోజు బడిలో కరెంటు గంట మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఆపడానికి మామయ్య వెళ్ళాడు. ఇల్లు ప్రశాంతం. ఒకే టేకులో వీడియో అయిపోయింది. "నా సొంత డబ్బుతో కొనుక్కున్నాను, నెలరోజులుగా వాడుతున్నాను, మా ఇంట్లో అందరికీ ఇదంటే ప్రాణం!" ఒక్క ఊపిరిలో మూడు అబద్ధాలు. చిన్నప్పుడు ఆటల్లో ఒక్క బహుమతీ రాలేదు గానీ దీన్లో మాత్రం నేను ఫస్టే.

సాయంత్రం మామయ్య కెటిల్‌ని చేత్తో తూచాడు, మూత తెరిచి వాసన చూశాడు, స్విచ్చు నాలుగుసార్లు నొక్కాడు. వేలు పైకి లేచింది. "ముందుగా..."

"వీడియో పెట్టేశాను మామయ్యా."

వేలు దిగిపోయింది. దాన్ని షాపుకు పట్టుకెళ్తానని మాత్రం అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

వీడియో ఎక్కడికో వెళ్ళిపోయింది. కెటిళ్ళు వేడివేడిగా అమ్ముడుపోయాయి. కంపెనీ మేనేజరు స్వయంగా ఫోన్ చేశాడు. ఏడాది కాంట్రాక్టు, పెట్టె మీద నా ఫోటో, వచ్చే నెల మొదటి శుక్రవారం సంతకాలు! అత్తయ్య అందరికీ ఫోన్లు చేసి, "మా పిల్ల బొమ్మ పెట్టెల మీద వేస్తున్నారు" అని చెప్పింది. అగ్గిపెట్టెలా అని ఒకావిడ అడిగింది.

మూడువారాలు గడిచాయి. కామెంట్లు మొదలయ్యాయి.

"నీళ్ళు మరిగినా ఆగట్లేదు అక్కా. మీది కూడా ఇంతేనా?"

"అక్కా, మీ మాట మీద మా అమ్మకి కొనిచ్చాను. అడుగు మాడిపోయింది."

"నెలరోజులుగా వాడుతున్నానన్నారు. అసలది మార్కెట్లోకొచ్చి అప్పటికి పదిరోజులేగా?"

ఆ చివరిది చదివాను. తేలు కుట్టిన దొంగలా ఫోను బోర్లా పెట్టేశాను. మేనేజరుకు ఫోన్ చేస్తే, "మీరేం పట్టించుకోకండి మేడమ్. గులాబీ రంగుది పంపుతాం, కొత్త వీడియో పెట్టండి" అన్నాడు. నలభైవేలమందిలో రోజుకి వెయ్యిమంది చొప్పున జారిపోతున్నారు. నిజం చెబితే కాంట్రాక్టు పోతుంది. చెప్పకపోతే ఇక నేనేం చెప్పినా ఎవరూ నమ్మరు. అత్తయ్య నన్ను చూసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని, పాపం టీ కూడా ఇచ్చింది.

సంతకాలకు ముందురోజు, గురువారం పొద్దున ఇంకో రకం కామెంట్లు కనబడ్డాయి. "కెటిల్ పాడైంది గానీ, మీరు చెప్పారని మా వీధి చివరి రిపేరు షాపులో ఊరికే బాగుచేసిచ్చారు. థాంక్స్ అక్కా!" దాని కిందే మరొకటి, ఆ కిందే ఇంకొకటి. నేను ఏ షాపుకూ చెప్పలేదే! చెప్పులు వేసుకుని వీధి చివరికి పరిగెత్తాను.

షాపులో వెనక అరమీద నీలం కెటిళ్ళు బారులు తీరి ఉన్నాయి. లెక్కపెడితే ఇరవైమూడు. ఒక్కోదానికీ ఒక్కో చీటీ. ముందు స్టూలు మీద రిటైరైన లెక్కల టీచరుగారు, ఒళ్ళో ఇరవైనాలుగోది. ఈవిడ దగ్గర చదువుకున్నవాళ్ళకి ఇప్పటికీ కలలో ఎక్కాలు వస్తాయి. నేను గబుక్కున తలుపు పక్కనున్న పాత ఫ్రిజ్ వెనక నక్కాను.

"ఆ అమ్మాయి కనబడితే చెవి మెలిపెడదామని వచ్చాను" అంటోంది టీచరుగారు.

మామయ్య గొంతు సవరించుకోలేదు. వేలెత్తలేదు.

"మా మేనకోడలు బంగారమండీ. పాడైన సంగతి తెలియగానే తిండి మానేసింది. కొన్నవాళ్ళందరికీ ఊరికే బాగుచేసిపెట్టు మామయ్యా అని తనే నాతో చెప్పింది. స్విచ్చులో రేకు ఒకటి అంటుకుపోతోంది, అంతే. మార్చేస్తాను. అలాంటి పిల్ల ఉండదు."

ఆ పిల్ల తిండి మానలేదు, పొద్దున్నే నాలుగు బ్రెడ్డుముక్కలు తినొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పనూ లేదు. అంతకన్నా ఘోరం, మామయ్య ఒక మనిషిని ముందుమాట లేకుండా పొగిడాడు! కూరకు లేదు, గొడుగిచ్చినవాడికి లేదు, పళ్ళ డాక్టరుకు లేదు. జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక్క దొంగ ప్రచారం నాకోసం.

ఫ్రిజ్ వెనక నుంచి బయటికొచ్చాను. మామయ్య చేతిలో స్క్రూడ్రైవరు కింద పడింది.

"మామయ్యా, నేనెప్పుడు చెప్పాను నీకు?"

ఆయన బల్ల కింద స్క్రూడ్రైవరు కోసం కావలసినదానికంటే ఎక్కువసేపు వెతికాడు. తల పైకెత్తకుండానే అన్నాడు: "చెప్పలేదులే. చెబుతావు. నాకు తెలుసు నువ్వు చెబుతావని. నేనే కాస్త తొందరపడి ముందు చెప్పేశాను."

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. టీచరుగారు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, చెవి మెలిపెట్టే చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

అక్కడే, ఆ పొట్టలు విప్పిన ఫ్యాన్ల మధ్య నిలబడి ఫోను తీశాను. మనసులోని మాటలు ఎవరూ రాసివ్వలేదు కాబట్టి చాలా తడబడ్డాను. కెటిల్ ఊరికే వచ్చిందన్నాను. నెలరోజులు వాడాననడం అబద్ధమన్నాను. దాన్ని నేను వాడింది పదినిమిషాలు, అదీ ఖాళీ కెటిలే అన్నాను. మరిగినా ఆగదు కాబట్టి ఎవరూ వాడొద్దనీ, దగ్గరివాళ్ళు మామయ్య షాపుకు తెమ్మనీ, దూరంవాళ్ళు కంపెనీకి తిప్పి పంపమనీ చెప్పాను. ఇంతకాలం పిలవకుండానే ఫ్రేములోకి వచ్చిన మామయ్య ఇప్పుడు చెయ్యి పట్టి లాగినా రాడే! చివరికి సగం మొహంతో వచ్చి, "ముందుగా ఒక మాట. ఈ అమ్మాయి నా మేనకోడలు. రోజూ నాకు టీ పెట్టిస్తుంది. ఆ టీ ఏమంత బాగుండదు. ఇక మిగతాదంతా నిజమే" అన్నాడు.

శుక్రవారం సంతకాలు లేవు. మేనేజరు "మేడమ్" అనడం మానేశాడు. పెట్టె మీద నా ఫోటోకి బదులు నవ్వుతున్న కెటిల్ బొమ్మ వేసుకున్నారు. నలభైవేలమందిలో తొమ్మిదివేలమంది మిగిలారు. అత్తయ్య మళ్ళీ అందరికీ ఫోన్లు చేసింది, ఈసారి మా పిల్ల నిజం చెప్పిందని, గొంతు ఇంకాస్త పెద్దగా. నేను షాపులో రెండో స్టూలు వేసుకుని రేకులు మార్చడం నేర్చుకున్నాను. రోజూ కెటిళ్ళు వస్తూనే ఉన్నాయి.

పదిరోజుల తర్వాత టీచరుగారు తన కెటిల్ తీసుకోవడానికి వచ్చింది. నీళ్ళు పోసి, మరిగించి, అది టక్కున ఆగాక కూడా మరో రెండుసార్లు మరిగించి చూసుకుంది. లేవబోతూ మళ్ళీ కూర్చుంది.

"ఇస్త్రీపెట్టె కొనాలి. ఏది మంచిది?"

మామయ్య గొంతు సవరించుకుని వేలెత్తాడు.

"మిమ్మల్ని కాదు. అమ్మాయిని అడిగాను" అంది టీచరుగారు.

మామయ్య వేలు గాల్లోనే ఉండిపోయింది. మొహం మాత్రం విప్పారింది.

"నాకు తెలీదండీ" అన్నాను. "వాడి చూసి చెబుతాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెల పడుతుంది."

టీచరుగారు లేచి, కెటిల్ చంకన పెట్టుకుని, నా చెవిని చాలా మెల్లిగా మెలిపెట్టింది.

"సరే. నెలదాకా నలిగిన బట్టలే కట్టుకుంటాను."