అబ్బాస్ గారి కొట్టు బోర్డు

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకుని, ఇప్పుడు తనూ ఇంగ్లీషు పాఠం చెబుతోంది. ఎస్‌తో ముగిసే పేరుకు 'యొక్క' అని చెప్పాలంటే అపాస్ట్రఫీ పక్కన ఇంకో ఎస్ చేర్చాలా, ఉత్త ఆ కొక్కెం పెడితే చాలా అని అడిగింది. రెండూ ఒప్పేనమ్మా అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా మనసు ఎమ్మిగనూరులోనే ఉండిపోయింది.

ఎనభైల మొదట్లో నేను ఆదోనిలో ఆడపిల్లల బడిలో టీచరుగా కొత్తగా చేరాను. ఎమ్మిగనూరులో నాతో పదో తరగతి దాకా చదివిన స్నేహితురాలి తండ్రి, బజారులో దర్జీకొట్టు నడిపిన అబ్బాస్ గారు, ఆ ఏడాదే కామెర్లతో పోయారు. మగపిల్లలు లేని ఇల్లు. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్న నా స్నేహితురాలు, నలభయ్యో రోజు గడిచాక తానే కొట్టు తలుపు తీసి, తండ్రి పేరుతో బోర్డు పెట్టిస్తానంది. ఆమె చిన్నాయన మండిపడ్డాడు.

"బజార్లో ఆడపిల్ల కూర్చునేది సాలక, మా అన్న పేరు గూడా బోర్డు మీదికెక్కిస్తావా?" అని గుమ్మంలోనే అరిచి వెళ్ళిపోయాడు.

ఆమె వెనక్కి తగ్గలేదు. బోర్డు ఇంగ్లీషులో ఎలా రాయించాలో చెప్పమని నన్నడిగింది. నేను పేరు పూర్తిగా రాసి, కొక్కెం పెట్టి, ఇంకో ఎస్ చేర్చి, 'అబ్బాసెస్' అని పలకాలని నేర్పాను. వాళ్ళమ్మ ఆ మాటను నోట్లో తిప్పుకుని, ఆయన పేరు ఇంత పొడుగైందా అంటూ కళ్ళు ఒత్తుకుంది.

ఆదివారం నేను బస్సు దిగి వెళ్ళేసరికే పెయింటరు రేకు బోర్డును మేకులకు తగిలించేశాడు. చూసి నా మనసు చివుక్కుమంది. 'అబ్బా' అయ్యాక కొక్కెం, ఆ తర్వాత ఒకే ఒక్క ఎస్.

"రెండు ఎస్సులు ఎందుకమ్మా, తప్పు రాసినారేమో అని ఒకటి తీసేసినా" అన్నాడతను.

పేరే తెగిపోయింది, చెరిపి మళ్ళీ రాయమన్నాను. అతను కిరసనాయిలులో గుడ్డ ముంచుతుంటే, నా స్నేహితురాలు మిషను దగ్గర నుంచి లేచి వచ్చి, బోర్డు కింద నిలబడి అక్షరాలు కూడబలుక్కుంది.

"ఇప్పుడిట్ల రాస్తే అర్థమేమి?" అని అడిగింది.

'అబ్బా యొక్క' అని అవుతుంది, అబ్బాస్ అని కాదు అన్నాను. వాళ్ళింట్లో అబ్బా అంటే నాన్న.

"తుడపొద్దన్నా, ఉండనీ" అని పెయింటరును ఆపి, ఆమె నావైపు తిరిగింది. "మాటలొచ్చినప్పట్నుంచి అబ్బా అనే పిలిచినా మే. ఆయప్ప పేరు నా నోటితో ఎప్పుడన్నా అనింటినా?"

తండ్రి పోయాక ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే.

చిన్నాయన చాన్నాళ్ళు ఆ వీధిన నడవలేదు. తర్వాతి రంజానుకు మాత్రం తన కూతుళ్ళ బట్టలు అక్కడికే పంపించాడు.

రెడీమేడు బట్టలొచ్చాక ఆ కొట్టు మూతపడింది. కొన్నేళ్ళకు ఆమె కూడా కన్నుమూసింది. తండ్రి పేరు ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి, వెనక 'గారు' చేర్చి చెప్పిన తరం మనది. ఇప్పుడు మా మనవడు వాళ్ళ నాన్నను పేరుపెట్టి కేకేస్తాడు, మా అబ్బాయి నవ్వుతూ పలుకుతాడు. అందులో ప్రేమ తక్కువని నేననను. అయినా ఆ కేక వినబడ్డప్పుడల్లా నా చేతిలో పని ఒక్క క్షణం ఆగిపోతుంది.