అవ్వ ముందటి పీట

నా డైరీ మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నమ్మకపోయినా సరే, నవ్వొద్దు. రజితా, నీకే చెప్తున్న. మూడేండ్లు ఈ ముచ్చట ఎవరికీ చెప్పలే. ఇయ్యాల హాస్టల్ గదిలో మీరంతా ఉన్నరు, లైటు ఉన్నది... అందుకే నోరు విప్పుతున్న.

కరోనా అని హాస్టల్ ఖాళీ చేయించిన్రు కదా. రెండు సంచులు పట్టుకొని నిర్మల్ దగ్గర మా ఊరికి పోయిన. బాపు మస్కట్‌లో చిక్కుకుపోయిండు, విమానాలు బందు. ఇంట్లో అవ్వ... అంటే మా అమ్మ, నేను. అంతే. అవ్వ పొద్దంతా ముందటి అర్రలో బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చేతిలో ఆకు కోసే కత్తెర. నేను వెనుక అర్రలో, లోపల గడియ పెట్టుకొని.

క్లాసులు ఫోన్లో. వీడియో బందు, మైకు బందు. మొదట్లో రాత్రి రెండింటిదాకా మేలుకొని ఉండేదాన్ని. తర్వాత నాలుగు. తర్వాత కోడి కూసినంక పడుకొని, దీపాలు పెట్టే యాళ్లకు లేచుడు. అర్ధరాత్రి గిన్నె మూత తీసి, చల్లటి అన్నం నిలబడే తినేదాన్ని. తల దువ్వుకోక ఎన్ని రోజులయిందో. డైరీలో ‘ఈరోజు ఎవరితో మాట్లాడలే’ అని ఒకసారి రాసిన. మరునాటి నుంచి దాని కింద రెండు చుక్కలే పెట్టేదాన్ని... పేజీ నిండా చుక్కలు.

అవ్వ వచ్చి తలుపు కొట్టేది. “బిడ్డా, జర నా ముందట కూసోరాదే. మనిషి ముచ్చట లేక నోరు ఎండిపోతున్నది.”

“క్లాసున్నదవ్వా.”

క్లాసు ఉండేది కాదు.

ఒకరోజు లేచి చూస్తే గడియారంలో ఆరు. కిటికీలో మసక వెలుగు. పొద్దుగాలనే లేచిన అని ఎంత సంబరపడ్డనో! చున్నీ తలకు చుట్టుకొని, బ్రష్ పట్టుకొని వాకిట్లోకి పోయిన.

అవ్వ పకపక నవ్వింది. “పొద్దుమూకంగ పండ్లు తోముతున్నవేందే? పొద్దుగాల తోమినవ్ గద!”

అది సాయంత్రం. నేను పడుకున్నది తెల్లారుజామున. మధ్యలో లేవలే.

“ఇయ్యాల ఎంత ముచ్చట పెట్టినవ్ బిడ్డా... నా కడుపు నిండింది. నూనె పెట్టి జడేసినంక మొఖం ఎంత కళగ ఉండె.”

చున్నీ కింద చెయ్యి పెట్టి చూసుకున్న... నూనె లేదు. జడ లేదు. కొబ్బరి పీచు లెక్క చిక్కులు.

ఏమన్నవ్ రజితా? నిద్రలో నడిచిన్నా? నేనూ అట్లనే అనుకున్న. మరి తల సంగతేంది?

అవ్వ చాట చూపించింది. “గివన్ని నువ్వు చుట్టినయే.”

నాకు బీడీ కట్టుడు రాదు. నేను కడితే దారం ఊడిపోతది. “సదువుకున్న చేతులు, ముడి నిలువది” అని అవ్వ ఎప్పుడూ ఎక్కిరించేది. అవి మాత్రం గట్టిగా, బిగువుగా ఉన్నయి. దారం ఎడమవైపుకు తిప్పి ఉన్నది. అవ్వ కుడివైపుకు తిప్పుతది. మా ఇంట్లో ఎడమచేతివాటం నాకొక్కదానికే.

‘నేను కాదవ్వా’ అని నోటిదాకా వచ్చింది. ఎన్ని నెలలకో అవ్వ నవ్వుతున్నది. ఎట్ల చెప్పాలె?

ఆ రాత్రి గడియ పెట్టుకొని డైరీ తెరిచిన. చుక్కలు పెట్టాల్నా, వద్దా? పెన్ను అట్లనే పట్టుకొని కూసున్న...

టిక్... టిక్...

ముందటి అర్రలో కత్తెర. ఆకు తెగుతున్న చప్పుడు.

“మీ బాపుకు ఇమానం దొరుకుతదంటవా?” అవ్వ గొంతు. ఫోన్లో మాట్లాడుతున్నదేమో అనుకున్న. ఫోను నా పక్కనే చార్జింగ్‌లో ఉన్నది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే.

కత్తెర ఆగింది.

“దొరుకుతదవ్వా... ఫికర్ చేయకు.”

నా గొంతు.

అక్షరం అక్షరం... నా గొంతు. మాట్లాడే ముందు సన్నగా సవరించుకుంటా కదా, అది కూడా ఉన్నది. చేత్తో నోరు ముట్టుకున్న. పెదవులు మూసే ఉన్నయి. ఎండిపోయి, ఒకదానికొకటి అతుక్కొని...

“క్లాసున్నదా? పోతవా?”

“లేదవ్వా. ఈడనే ఉంట.”

తలుపు తీస్తే అవ్వ ముందట ఎవరన్నా ఉంటే? ఎవరూ లేకుంటే?... ఎవరూ లేకుంటే మా అవ్వకు ఏమైనట్టు? రెండింట్లో ఏది ఎక్కువ భయమో ఇప్పటికీ చెప్పలేను. గడియ తీసిన.

అవ్వ ఒక్కతే. ఎదురుగా ఖాళీ పీట. పీట పక్కన ఇంకో కత్తెర. తల ఎత్తకుండనే అన్నది, “నీళ్లు తాగొచ్చినవా? కూసో.”

కూసున్న.

పీట వెచ్చగా ఉన్నది.

తెల్లారేదాకా లేవలే. నేను కట్టినవన్నీ ఊడిపోతుంటే, “పగటీలి మంచిగ కట్టినవ్ గదనే, ఇప్పుడేం రోగం?” అని అవ్వ తిట్టుకుంట మళ్లీ కట్టింది.

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే లేచిన. తల దువ్వుకున్న. వేళకు తిన్న. అవ్వ ముందట కూసున్న. బిడ్డ దారికొచ్చింది అన్నరు అందరు. దారికొచ్చుడు కాదు... ఆ పీట ఖాళీగా ఉంచాలంటే భయం. ఆ గొంతు మళ్లీ వినలే. నా మనసు చెదిరిందా, అవ్వదా, ఇంకేదన్ననా... తెలియదు. అవ్వను అడగలే.

బాపు వచ్చి, మళ్లీ మస్కట్ పోయిండు. నేనిక్కడున్న. అవ్వ ఒక్కతే. రోజూ సాయంత్రం ఫోన్ చేస్త. తిన్నవా అంటది. పానం మంచిగున్నదా అంటది. రజితా, మీ అమ్మ ఫోన్ చేస్తే మొదలు ఏమంటది? ‘ఎప్పుడొస్తవ్ బిడ్డా’ అంటది కదా. మీ అందరి అమ్మలూ అంటరు.

మా అవ్వ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అడగలే.