నేను కోరిన మూడేళ్లు

మొన్న హన్మకొండలో ఎగ్జిబిషన్‌కు వెళ్లి, ఒక స్టాలు ముందు జంపఖానా చేతిలోకి తీసుకున్నాను. నీలం, ఎరుపు చారలు, దిట్టమైన నేత. "ఖైదీలు నేసినయి మేడం, ఇరవై ఏండ్లయినా చిరగయి" అన్నాడు అమ్మే అతను. చటుక్కున కింద పెట్టేశాను. పక్కనున్నావిడ నేను ధరకు జడుసుకున్నాననుకుందేమో, బేరమాడమని సలహా ఇచ్చింది. నా మనసు ఎక్కడికో వెళ్లిపోయింది. మా మరిది, అంటే చెల్లె మొగుడు, జైల్లో సంవత్సరం పాటు నేసింది ఇలాంటివే.

అతనిది కొత్తవాడలో మగ్గాల ఇల్లు. పనిమంతుడు, మాట మెత్తన. తాగితే చెల్లెను కొట్టేవాడు. తాగకపోయినా కొట్టేవాడని ఆమె నాకు చాలా ఆలస్యంగా చెప్పింది. చెల్లె నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నా చేతుల్లో పెరిగింది. ఇక్కడ నా సంగతీ దాచకూడదు. బళ్లో పిల్లల తగాదాలు తీర్చే టీచరమ్మను కదా, ఆమె మొదటిసారి ఏడుస్తూ మా ఇంటికొస్తే సర్దిచెప్పి, మామిడికాయ తొక్కు సీసా చేతికిచ్చి, ఆటో ఎక్కించి పంపాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె రాలేదు, దవాఖాన నుంచి ఫోనొచ్చింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. డాక్టరు అడిగితే బాత్రూంలో జారిపడ్డానంటోంది. నేను మంచం పక్కన నిలబడి, "జారలేదు డాక్టర్, మొగుడు కట్టెతోని కొట్టిండు, రాసుకోండి" అన్నాను. చెల్లె కళ్లు మూసుకుంది. కాదనలేదు.

కేసు నాలుగేళ్లు నడిచింది. ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి, ఉన్న వాటిలో మంచి చీర కట్టుకుని, అతనికి ఎదురుగా కనిపించే బెంచీ మీద కూర్చునేదాన్ని. బంట్రోతు నన్ను వకీలమ్మ అనుకుని నమస్తే పెట్టేవాడు. వకీలును కాను, పగ పట్టినదాన్ని. అతనికి మూడేళ్లు పడాలని, కొట్టిన ఆ చేయి కూడా రెండు చోట్ల విరగాలని, పైకి చెప్పుకోకూడని మొక్కులు మొక్కాను.

నేరం రుజువైంది. శిక్ష వేసే ముందు అతని వకీలు లేచాడు. ఇదే మొదటి తప్పు, జైలుకు పోతే ఇంకా చెడిపోతాడు, పూచీ రాయించుకుని వదిలేసి మందు మాన్పించే కౌన్సెలింగ్‌కు పంపండి అని వేడుకున్నాడు. మరిది నా వైపు చూసి, "ఒక్క మోకా ఇప్పియ్యున్రి వదినె" అని గొణిగాడు. ముఖం తిప్పుకున్నాను. జడ్జి మేడం చెల్లెను పిలిచి, నువ్వేమంటావమ్మా అని అడిగింది. ఇంట్లోనే గొంతు పెగలని పిల్ల, ఇక్కడేం చెబుతుందోనని బెంచీ అంచుకు జరిగాను.

"మేడం, ఆయనను మారుస్తమంటున్రు. మార్చున్రి, నేనొద్దంటలేను. రేపు ఇంకో పిల్ల చెయ్యి ఇరగొద్దు. కని ఆయన మారేదాంక నేను భయపడుకుంట తిరగాల్నా? ముందు లోపటెయ్యిన్రి. మార్చుడేదో ఆడనే మార్చున్రి" అంది.

మేడం చాలాసేపు రాసుకుంది. పూచీ మీద వదలడం కుదరదంది. సంవత్సరం జైలు, లోపల ఉన్నన్నాళ్లూ కౌన్సెలింగ్. వరండాలోకి వచ్చాక నేను, "గింతేనా? మూడేండ్లు పడాలె వానికి" అని పళ్లు కొరికాను. చెల్లె నింపాదిగా అంది: "నాకు సాలక్కా. నీకే సాల్తలేదు. రెండుసార్లు నన్ను ఆటో ఎక్కించినవ్ కదా, గందుకే."

అయినా దారిలో మిఠాయి దుకాణంలో కిలో బాలూషాలు కొని వాడకట్టంతా పంచాను. చెల్లె ఒక్కటీ ముట్టలేదు.

తరువాత విడాకులయ్యాయి. చెల్లె హసన్‌పర్తిలో టైలరింగ్ షాపు పెట్టుకుంది. పాటలు వింటూ మిషన్ తొక్కుతుంది, అతని ఊసెత్తదు. పోయినేడు బస్టాండులో అతను ఎదురొచ్చి, "బాగున్నరా వదినె? తాగుడు బంజేసిన" అన్నాడు. ముఖం తేటగా ఉంది. అదే నాకు మంట. "నాకెందుకు చెప్తున్నవ్" అని ముందున్న బస్సెక్కేశాను. అది నేను పోవాల్సిన బస్సు కాదు. రెండు స్టేజీల తర్వాత దిగి, ఎండలో తిట్టుకుంటూ వెనక్కి నడిచాను. అతను నిజంగానే మారాడేమో, జడ్జి మేడం సరిగ్గానే తూచిందేమో. క్షమించడానికి ఒక వయసు వస్తుందంటారు. నాకు అరవై దాటాయి, అది ఇంకా రాలేదు.