ఇంకా ఎవరెవరున్నారు?

బడిలో కంప్యూటర్లు నేర్పే టీచరమ్మ, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌ను అన్ని బళ్ళకూ చేర్చాలని పద్నాలుగు మంది టీచర్లను కూడగట్టింది. ఊరంతా పోస్టర్లు అంటించింది. మూడోరోజే పైఅధికారి పిలిపించాడు.

ఆయన బల్లమీద ఆ పోస్టరే ఉంది.

"పర్మిషన్ లేకుండా ఏంటమ్మా ఇది? నీతో ఇంకా ఎవరెవరున్నారు?"

పేర్ల కాగితం ఆమె చేతిసంచిలోనే ఉంది. సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"నేనొక్కదాన్నే సార్."

"అయితే సంజాయిషీ రాసివ్వు. నీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం."

ఇంట్లో అక్క తల పట్టుకుంది. "అంతా నీ నెత్తినే వేసుకున్నావేంటే?"

"వాళ్ళు బెదిరితే మళ్ళీ కూడరక్కా."

ఆదివారం ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఆమె ఇంటికొచ్చారు. బళ్ళకివ్వాల్సిన పాత కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. వాకిట్లో చెప్పుల చప్పుడైనప్పుడల్లా ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తలుపు వైపు చూస్తూనే ఉంది.