నర్సంపేటలో ఒక్కడే రైతు

బ్యాంకులో పాస్‌బుక్కు అచ్చువేసే యంత్రం గరగరమన్నప్పుడల్లా నా అరచేతులకు ఇప్పటికీ చెమట పడుతుంది. ఆ శబ్దంతోపాటే యాదగిరి గారు గుర్తుకొస్తారు. ఆయన దగ్గర పని నేర్చినవారిలో కొద్దిమందిమే మిగిలాం. నేనూ రాయకపోతే, ఆయన నేర్పినది ఎవరు నేర్పారో తెలియకుండా పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎనభయ్యవ దశకం నడుమ నాకు ముప్పై నాలుగేళ్లు. మట్టెవాడలో ఇల్లు, ఒక దఫ్తరులో భూమి దస్త్రాలకు నకళ్లు రాసే స్థిరమైన కొలువు. దానికి రాజీనామా ఇచ్చి, హనుమకొండలో కొత్తగా తెరిచిన ఒక కంప్యూటర్ కేంద్రంలో ప్రోగ్రామర్‌గా చేరాను. సాయంకాలపు తరగతుల్లో కొన్ని నెలలు చదివినదే నా అర్హత. అసలు పని కోసం ఒక్క ప్రోగ్రామైనా రాసి ఎరుగను. ఆరు నెలలు పరీక్షాకాలం. నెగ్గకపోతే ఇంటికే, పాత కుర్చీలో అప్పటికే వేరొకరు కూర్చున్నారు. నా పై అధికారి యాదగిరి గారు నాకంటే రెండేళ్లు చిన్న. టెలిఫోన్ మెకానిక్‌గా మొదలై, తనంతట తానే ఈ విద్య నేర్చిన నర్సంపేట మనిషి. మొదటిరోజే నా ముఖం చూసి, “జర ఊపిరి తీస్కో అన్నా, మిషన్ కరవది,” అన్నారు.

నా తొలి పని, విత్తనాలు అందవలసిన రైతుల జాబితాను ఊళ్లవారీగా పేర్చడం. ప్రోగ్రాము రాశాను. రైతుల వివరాల పట్టికలనూ నా చేతిరాతతోనే సిద్ధం చేశాను. పై వరుసలోని ఊరి పేరే కింద మళ్లీ వస్తే, తిరిగి రాయకుండా రెండు చిన్న గీతలు పెట్టడం మా నకలు రాతగాళ్ల పద్ధతి. పట్టికలను యంత్రంలోకి ఎక్కించే సుగుణ, రోజుకూలీ మీద పనిచేసే అమ్మాయి, నా బల్ల దగ్గరికి వచ్చి, “సార్, గీ గీతలు గూడ గిట్లనే కొట్టాల్నా?” అని అడిగింది. “ఉన్నది ఉన్నట్టు కొట్టమ్మా, సొంత తెలివి వద్దు,” అన్నాను, తలెత్తకుండానే.

మరునాడు జాబితా గరగరమంటూ అచ్చయింది. మొదటి పుటలన్నీ పేరు లేని ఒక ఊరివి. ఊరి పేరు ఉండవలసిన చోట రెండు గీతలు, వాటి కింద ఎడతెగని రైతుల పేర్లు. యంత్రం ఆ గీతలనే ఒక ఊరిగా ఎంచింది; అసలు ఊళ్లకు పేరు పూర్తిగా రాసిన మొదటి వరుసలోని రైతే మిగిలాడు. యాదగిరి గారు కాగితాలు తిరగేసి పకపక నవ్వారు. “ఏందన్నా, మా నర్సంపేటంత ఖాళీ చేసినవ్? ఒక్కడే రైతు మిగిలిండు!” నేను నవ్వలేకపోయాను. విత్తనాల లారీలు ఆగిపోయాయి. సాయంత్రంలోగా కారణం రాసివ్వమని మేనేజరు కబురు పంపాడు.

రాశాను. ‘వివరములు ఎక్కించుటలో పొరపాటు జరిగినది.’ ఎక్కడా కొట్టివేత లేదు. యాదగిరి గారు చదివారు.

“సుగుణ నిన్ను అడిగిందా, లేదా?”

“అడిగింది.”

“మరి గీ కాయితం మీదికి పోతె ఆ పిల్ల రేపట్నుంచి రాదు. ఎరుకేనా?”

“లేకపోతే నా ఉద్యోగం పోతుంది, యాదగిరి గారూ.”

“పోవచ్చు. నేనైతే భరోసా ఇయ్యలేను. మిషన్‌కు మన ఇజ్జత్‌తోని పని లేదన్నా. తప్పు యాడున్నదో గాడ్నే ఉంటది. గాడ చూడలేనోనికి ఈ పని రాదు.”

కాగితం నా చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నారు. ధైర్యం చెప్పలేదు, తొందరపెట్టనూ లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లల ముఖాలు కళ్లముందు మెదిలాయి. చివరికి దానిని చింపి, గీతలు నావేనని, ఆ అమ్మాయి అడిగినా నేను వినిపించుకోలేదని రాసి సంతకం చేశాను.

మేనేజరు కొలువు తీయలేదు. పరీక్షాకాలాన్ని మరో ఆరు నెలలు పొడిగించాడు. యాదగిరి గారు దానికొక నియమం చేర్చారు: నా ప్రతి ప్రోగ్రామునూ ముందుగా సుగుణకు చదివి వినిపించాలి, ఆమె అడిగిన ప్రతి ప్రశ్ననూ రాసుకోవాలి. మొదట అవమానంగా తోచింది. రెండో వారంలో ఆమె, “ఒకే ఊర్ల ఒకే పేరుతోని ఇద్దరు రైతులుంటె మిషన్ ఏం జేస్తది సార్?” అంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పదవీ విరమణ దాకా ఆ వృత్తిలోనే ఉన్నాను. భయం పోలేదు గాని, దానితో ఏం చేయాలో తెలిసింది: పని ముగిసిందనుకున్న క్షణాన మరొకరిని పిలిచి చూపించడం. యాదగిరి గారు గతించి చాలాకాలమైంది. సంవత్సరాల వరుసలోనో, ఆయన మాటల్లోనో నేను పొరబడి ఉండవచ్చు. ఆనాటి సంగతులు ఎరిగినవారు, ముఖ్యంగా సుగుణమ్మ ఎక్కడున్నా, ఇందులోని తప్పులు దిద్దవలసిందిగా కోరుతున్నాను. మొహమాటపడవద్దు, ఈసారి వింటాను.