తప్పుల టీచరు

ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పమని పొద్దుటినుంచీ నా ప్రాణం తీస్తున్నారు. మీ తాత కుర్రతనంలో మీసం ఎందుకు తీయించాడో కావాలి మీకు. ఆయన మేనత్త ఎవరితో మాట్లాడటం మానేసిందో కావాలి. ఆ గోడమీద ఫొటోలో నల్ల కళ్ళజోడు పెట్టుకున్నావిడ ఎవరని ఇన్నేళ్ళలో ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? దుమ్ము దులిపేటప్పుడు కూడా చుట్టూ దులిపి ఆవిణ్ణి వదిలేస్తారు. సిగ్గుండాలి. కూర్చోండి. ఆ ఫోను పక్కన పెట్టు.

ఆవిడ మీ చిన్న నాయనమ్మ. నాకు తోడికోడలు. మా ఇద్దరికీ పెద్దగా పడేది కాదు, దాని గురించి ఇప్పుడు అడక్కండి. బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పేది. పిల్లలూ, వాళ్ళ తల్లులూ, చివరికి కూరగాయల బండివాడు కూడా ఆవిణ్ణి తప్పుల టీచరనే పిలిచేవాళ్ళు. పాఠం రాక కాదు. తప్పులు చెప్పడమే ఆవిడ పనితనం.

ముందు ఆ బడి సంగతి తెలియాలి. రైలుపెట్టెల్లా వరసగా గదులు. చిట్టచివర, నీళ్ళ ట్యాంకు పక్కన, ఒక గది విడిగా ఉండేది. దాన్ని వెనకగది అనేవాళ్ళు. కుదురులేని పిల్లల్నీ, చదువెక్కని పిల్లల్నీ ఏడాది చివర అక్కడికి తోసేవాళ్ళు. అక్కడ పనల్లా బొమ్మలకి రంగులు వేయడం, కాగితాలు మడవడం. ఆ గడప లోపలికి వెళ్ళిన పిల్ల తిరిగి ఈ గదుల్లోకి వచ్చిందని నేనైతే వినలేదు. ఎవరు వెళ్ళాలో, ఎవరు ఉండాలో తేల్చేది ఒకటో తరగతి టీచరే. హెడ్మాస్టరు అడుగుతాడు, ఆవిడ చెప్తుంది, అంతే.

ఆ వయసు పిల్లలు ఎలాగూ కదులుతారు. కదలకపోతే డాక్టరుకి చూపించాలి. కానీ మరీ కదిలేవాళ్ళలో రెండు రకాలుంటారనేది ఆవిడ. ఒకడికి చెప్పేదంతా ముందే తెలిసిపోయి, తోచక కదులుతాడు. ఇంకొకడికి మనసు నిలవదు, అందుకు కదులుతాడు. పైకి ఇద్దరూ ఒకటే. ఇద్దరూ పెన్సిలు కొరుకుతారు, ఇద్దరూ కిటికీలోంచి చూస్తారు, ఇద్దరూ పక్కవాడి తొడ గిల్లుతారు. మొదటివాణ్ణి పై తరగతిలో కూర్చోబెడితే కుదురుకుంటాడు. రెండోవాణ్ణి దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా నేర్పాలి. తారుమారు చేస్తే ఇద్దరూ పాడైపోతారు.

అందుకని ఆవిడ ఒక ఉపాయం పట్టింది. ఆఖరి గంటలో కథ చెప్పేది. కథ సొంతంగా అల్లేది, మధ్యలో కావాలని ఒక తప్పు కలిపేది. ముందు గుడ్డిదన్న గుర్రం తర్వాత చందమామని చూసేది. పొద్దున్నే చచ్చిపోయిన దొంగ సాయంత్రం దగ్గేవాడు. కిటికీలోంచి చూస్తున్న పిల్లాడు తల తిప్పకుండానే "తప్పు టీచర్!" అన్నాడంటే, వాడు అన్నీ వింటున్నట్టే. వాడిది తోచనితనం. అనలేదంటే మనసు నిలవట్లేదు, వాణ్ణి ముందు బెంచీలోకి తెచ్చుకునేది. ఇలా ఎంతమందిని వెనకగదికి పోకుండా ఆపిందో. ఆ విషయంలో ఆవిడకి కొంచెం టెక్కు కూడా ఉండేది. ఉండకేం?

నా మరిది, అంటే ఆవిడ మొగుడు, నీళ్ళ పన్ను ఆఫీసులో గుమాస్తా. అన్నం దగ్గర ఏడిపించేవాడు.

"కూరలో ఉప్పు లేదేమిటే? నిజంగానే మర్చిపోయావా, నేను కనిపెడతానో లేదో చూస్తున్నావా?"

"కనిపెట్టారుగా, ఇక పై తరగతిలోకి వెళ్ళి కూర్చోండి," అనేది, ఉప్పుడబ్బా ఆయన ముందుకు తోసి.

అప్పట్లో నవ్వేది ఆవిడ.

ఒక ఏడాది దర్జీ కూతురు వచ్చింది తరగతికి. బడి ఎదురుగా సందులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఆ పిల్లని అందరూ బొంగరం అనేవాళ్ళు. నిలబెడితే తిరిగేది, కూర్చోబెడితే బెంచీతో సహా తిరిగేది. వచ్చేటప్పుడు రెండు చెప్పులు, వెళ్ళేటప్పుడు ఒకటి. లెక్క సగం చదివేసరికే జవాబు చెప్పేసేది. బోర్డు మీద ఉన్న మూడు వాక్యాలు పుస్తకంలోకి ఎక్కించుకోమంటే మాత్రం పొద్దుట మొదలుపెట్టి, ఒకటిన్నర వాక్యం రాసి, లేచి వరండాలోకి వెళ్ళిపోయేది. ఎందుకు వెళ్ళావంటే "ఏమో టీచర్" అనేది.

దర్జీ పెళ్ళాం వచ్చి మొత్తుకుంది. "మాట వినదమ్మా ఇది. చంపినా వినదు."

"ఎందుకు వినదు? నీకంటే నాకంటే బాగా వింటుంది. చూస్తూ ఉండు," అంది తప్పుల టీచరు.

ఆ సాయంత్రం కథ చెప్పింది. ఒక ముసలివాడికి చెవుడు. వాడి గుడిసెకి తలుపు లేదు. వాడికొక గాడిద. అర్ధరాత్రి గాడిద అరిచింది, ఆ అరుపు విని ముసలివాడు దిగ్గున లేచాడు, తలుపు తీసి బయటికొచ్చాడు.

బొంగరం బెంచీ కింద దూరి రబ్బరు వెతుక్కుంటోంది. అక్కణ్ణించే అంది: "చెవుడన్నారుగా, ఎలా విన్నాడు?" మళ్ళీ తల బయటపెట్టి, "తలుపే లేదన్నారుగా, ఏం తీశాడు?"

మొదటిది ఆవిడ కావాలని కలిపిన తప్పు. రెండోది ఆవిడకి తెలియకుండా దొర్లిన తప్పు. అన్నేళ్ళలో ఆవిడకే తెలియని తప్పు పట్టిన పిల్ల లేదు. ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే చెప్పింది మా అందరికీ. మొహం వెలిగిపోయింది.

అప్పుడప్పుడూ బడికి వచ్చే పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ బొంగరాన్ని కాసేపు గమనించి, టీచరు పక్కన నిలబడింది.

"తెలివి సంగతి నేను కాదనట్లేదండీ. కానీ మీరు చూసింది కథ దగ్గర. కథ మీరు చెప్తే నేనే నోరు తెరుచుకుని వింటాను. రాత పని దగ్గర చూడండి. ఆట దగ్గర చూడండి. ఇంట్లో ఎలా ఉంటుందో తల్లిని అడగండి. తోచక లేచే పిల్ల ఇష్టమైన పని దగ్గర లేవదు."

"నాకు తెలుసు డాక్టరుగారూ. దానికి ఇక్కడ పని చాలట్లేదు."

"అదీ అవ్వచ్చు, ఇదీ అవ్వచ్చు. రెండూ ఒకే పిల్లలో ఉంటాయి కొన్నిసార్లు."

"రెండూ ఎలా ఉంటాయి? వింటే వింటుంది, వినకపోతే వినదు." అలా అని తప్పుల టీచరు చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు తిరిగింది.

బొంగరం కూడా ఒకసారి చెప్పింది తన మాటల్లో. "వినాలనే కూర్చుంటా టీచర్. చూసేసరికి అయిపోయి ఉంటుంది." తరగతంతా నవ్వింది. టీచరు కూడా నవ్వింది.

ఏడాది చివర హెడ్మాస్టరు అడిగాడు. ఆవిడ ఎప్పటిలాగే చెప్పింది. ఒకటి నుంచి ఏకంగా మూడులో వేశారు బొంగరాన్ని. దర్జీ కత్తెర కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. సందులో అందరికీ బెల్లంముక్కలు పంచాడు.

మూడో తరగతి మాస్టరు చెడ్డవాడు కాదు. ఆయన్ని చెడ్డవాణ్ణి చేస్తే కథ బాగుంటుంది గానీ, కాదు. ఆయన గదిలో రోజంతా రాతే. బొంగరం ఎప్పటిలాగే ఒకటిన్నర వాక్యం రాసి లేచింది. ఒకటో తరగతిలో లేస్తే కుదురులేని పిల్ల అన్నారు. ఇప్పుడేమో తెలివైన పిల్లని పేరుపెట్టి పంపారాయె. తెలివి ఉండి కూడా రాయలేదంటే ఏమిటి? పొగరు. మాస్టరు అదే అన్నాడు. హెడ్మాస్టరు అదే అన్నాడు. దర్జీ ఇంట్లో అదే అన్నాడు, కొలబద్ద తీసుకుని. వెనకగదిలో వేసి ఉంటే ఆ దెబ్బలు ఉండేవి కావు. పాపం మొద్దు అని వదిలేసేవాళ్ళు.

చలికాలం దాటేసరికి బొంగరం తిరగడం ఆగిపోయింది. చేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చునేది. అలా కూర్చుంటే లేవబుద్ధి కాదట, తనే కనిపెట్టింది. మాస్టరు సంతోషపడ్డాడు. "మీ మేధావి దారికొచ్చిందండీ," అని తప్పుల టీచరుతో చెప్పాడు.

ఆవిడ ఆ సాయంత్రం పిల్లని వరండాలో ఆపింది. కులాసాగా ఒక కథ ఎత్తుకుంది. ఒంటిచేతి కుండలవాడు ఒకడు. వాడు రెండు చేతులతో కుండ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. ఆగింది. పిల్ల నేల వైపు చూస్తోంది.

"తప్పు కనపడలేదుటే?"

"కనపడింది టీచర్."

"మరి చెప్పవేం?"

"చెప్తే ఇంకా పై తరగతిలో వేస్తారేమోనని."

అంతే. ఏడవలేదు ఆ పిల్ల. సంచీ భుజానికి వేసుకుని, రెండు చెప్పులూ సరిగ్గా తొడుక్కుని వెళ్ళిపోయింది. టీచరు అక్కడే నిలబడింది. బడి తాళం వేసే మనిషి వచ్చి "అమ్మా, గేటు" అనేదాకా నిలబడింది.

తర్వాత దర్జీ ఇంటికి వెళ్ళింది. డాక్టరమ్మ అడగమన్నది అప్పుడడిగింది.

"ఇంట్లో ఆటాడుకునేటప్పుడు ఎలా ఉంటుంది?"

"ఆటా అంతేనమ్మా," అంది తల్లి, గుండీలు కుడుతూనే. "దానికి గవ్వలాటంటే ప్రాణం. గెలిచే ఆట కూడా సగంలో వదిలేసి పోతుంది. నోట్లో ముద్ద ఉండగానే లేచిపోతుంది. పిలిస్తే, ఎందుకు లేచానో తెలీదమ్మా అంటుంది. అప్పుడే చెప్పానుగా, మాట వినదని."

చెప్పింది నిజమే. మనం పిల్ల పెంకిదైనా మాట వినదంటాం, మనసు నిలవకపోయినా మాట వినదనే అంటాం. ఆ తల్లి ఒక అర్థంలో అంది, ఈవిడ చెవులతో వినడమనుకుని కొట్టిపారేసింది.

మర్నాడు హెడ్మాస్టరు గదికి వెళ్ళి, ఆ పిల్లని కింది తరగతిలో వేయమంది. వెనకగదిలో వద్దు, రెండో తరగతిలో, తలుపు పక్కన. రాత పని ముక్కలు చేసి ఇవ్వాలి. మధ్యలో లేస్తే ఒక చుట్టు తిరిగి రానివ్వాలి.

"నేను తప్పు చెప్పానండీ," అంది.

హెడ్మాస్టరు పకపకా నవ్వాడు. "మీరు తప్పు చెప్పకపోతే ఆశ్చర్యపోవాలి గానీ! ఏదీ, ఎక్కడుందో నన్ను పట్టమంటారా?"

"అది కాదండీ. నిజం తప్పు."

ఆయనకి నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. అన్నేళ్ళు ఆవిడ చెప్పిన మాట మీద పిల్లల్ని అటూ ఇటూ పంపినవాడు కదా, ఆవిడ తప్పయితే ఆయనా తప్పే. చివరికి విసుక్కుని, సరే కానీయండి, అన్నాడు.

బొంగరాన్ని రెండులో వేశారు. తలుపు పక్కన కూర్చుంది. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా చూసేది, రెండో తరగతి టీచరమ్మకి ఏం చేయాలో చెప్పేది. పిల్ల నెమ్మదిగా రాసింది. మూడు వాక్యాలు, మధ్యలో రెండుసార్లు లేచి, రాసింది. ఫెయిలు కాలేదు ఎప్పుడూ. గొప్పగా ప్యాసూ కాలేదు. లెక్కల్లో జవాబు ముందే తెలిసిన మొహం పెట్టి కూడా, పక్క పిల్ల చెప్పేదాకా ఆగేది. అందరికీ నచ్చింది. ఏ గొడవా లేని పిల్ల అన్నారు. ఎవరైనా తప్పు మాట్లాడితే ఆ పిల్ల కళ్ళు ఒక్క క్షణం పైకి లేచి మళ్ళీ దిగేవి. నోరు మాత్రం లేవలేదు. అది తప్పుల టీచరుకి ఒక్కదానికే కనపడేది.

ఆవిడ కథలు మానేసింది. మానేశానని ఎవరికీ చెప్పలేదు. ఆఖరి గంటలో పిల్లల చేత పలకలు తుడిపించేది. ఏడాది చివర హెడ్మాస్టరు మళ్ళీ అడిగాడు.

"వీడి సంగతేమిటి?"

"తెలియదండీ."

"ఈ పిల్ల?"

"తెలియదండీ. ఇంకొన్నాళ్ళు చూడాలి. ఇంట్లో అడగాలి."

"అన్నీ తెలియదంటే ఎలాగమ్మా? ఎవరో ఒకరు తేల్చాలి కదా?"

"తేల్చకపోతే ఏమవుతుందండీ?"

ఆయనకి అంత ఓపిక లేదు. మరుసటి ఏడాది ఒకటో తరగతి వేరే ఆవిడకిచ్చారు. ఆ వచ్చినావిడ చకచకా తేల్చేది. మీ చిన్న నాయనమ్మకి సామాను గది అప్పజెప్పారు. చాక్‌పీసులు, చీపుళ్ళు, గంట కొట్టే సుత్తి. వీటిలో ఏది కదిలినా ఎందుకు కదిలిందో తేల్చాల్సిన పనిలేదు. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చుంది. బాధపడేదా అంటే, చెప్పలేను. అన్నం తినేది, పడుకునేది, నేను ఏదైనా అంటే తిరిగి అనేది కాదు. నాకు అదే విసుగ్గా ఉండేది. మరిది ఉప్పు లేదన్నా మాట్లాడకుండా డబ్బా తెచ్చి పెట్టేది. కొన్నాళ్ళకి ఆయన కూడా అనడం మానేశాడు.

బొంగరం పెద్దదై తండ్రి మిషను మీద కూర్చుంది. కుట్టు బాగుండేది. మధ్యలో లేచి సందు చివరిదాకా నడిచి మళ్ళీ వచ్చి కుట్టేది, అడిగేవాళ్ళు లేరు. మా ఇంటి జాకెట్లన్నీ అక్కడే. మీ చిన్న నాయనమ్మ వెళితే ఇద్దరూ కొలతలు మాట్లాడుకునేవాళ్ళు. చెయ్యి పొట్టిగా ఉండాలా, మెడ ఎంత దించాలి. ఇంకో మాట ఉండేది కాదు.

ఒకసారి నేను వెంట వెళ్ళాను. కొలత చెప్తూ ఆవిడ పొరపాటున భుజం కొలత నడుముకీ, నడుము కొలత భుజానికీ చెప్పింది. బొంగరం కళ్ళు ఒకసారి పైకి లేచాయి, అది టీచరు చూసింది. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. తర్వాత జాకెట్టు సరిగ్గానే కుట్టి పంపింది. టీచరు తొడుక్కుని అద్దంలో చూసుకుంది. మడిచి పెట్టెలో పెట్టేసింది, మళ్ళీ తొడుక్కోలేదు.

పోయేనాటికి ఆవిడకి డెబ్బై రెండేళ్ళు.